హైదరాబాద్‌లో పాత చేతి పనిముట్ల వేట: ఎక్కడ దొరుకుతాయి, ఏం చూసి కొనాలి

మీరు అడిగింది ఇదీ: కూకట్‌పల్లి ఫ్లాట్‌లో బాల్కనీనే వర్క్‌షాప్ చేసుకుని వడ్రంగం నేర్చుకుంటున్నారు. అమెరికా వీడియోల్లో గ్యారేజ్ సేల్‌కి వెళ్లి నాలుగైదు డాలర్లకు పాత స్టాన్లీ రంధా పట్టుకొచ్చి, తుప్పు వదిలించి, అద్దంలా నున్నగా చిత్రిక పట్టడం చూశారు. హైదరాబాద్‌లో అలాంటివి దొరుకుతాయా, ఎక్కడ వెతకాలి, మోసపోకుండా ఎలా కొనాలి అని.

దొరుకుతాయి. కాకపోతే ఇక్కడ ఎవరూ ఇంటి ముందు బల్ల వేసుకుని అమ్మరు. ఒక వర్క్‌షాప్ మూతపడుతుంది, లేదా ఒక పెద్దాయన చేతనవక పని మానేస్తాడు, లేదా పాత ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేస్తారు. సామానంతా కబాడీ బండి ఎక్కుతుంది. కబాడీకి రంధా అయినా, విరిగిన గేటు అయినా ఒకటే, కిలోల లెక్క. అందులో కొన్ని సంతకు వస్తాయి, మిగతావి ఫర్నేస్‌కి పోతాయి. ఆ రెంటి మధ్య ఉన్న కొద్ది రోజుల్లోనే మీరు వాటిని పట్టుకోవాలి. ఎనభై ఏళ్లు పనిచేసి, ఇంకో ఎనభై ఏళ్లు పనిచేయగల వస్తువు పాత ఇనుము ధరకు కరిగిపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఈ ఊళ్లో మంచి పనిముట్లు ఎందుకు ఉన్నాయో తెలిస్తే ఎక్కడ వెతకాలో సగం తెలిసినట్టే. నిజాం రైల్వే కాలం నుంచి లాలాగూడలో వర్క్‌షాప్ ఉంది. ఆజామాబాద్, సనత్‌నగర్, ఆ తర్వాత బాలానగర్ పారిశ్రామిక వాడలు వచ్చాయి. 1942లో ఆల్విన్, 1943లో సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ మొదలయ్యాయి. తర్వాత హెచ్ఎంటీ, ఐడీపీఎల్ వచ్చాయి. వాటిలో పనిచేసిన ఫిట్టర్లు, టర్నర్లు, ప్యాటర్న్ మేకర్లు చాలామంది సొంత డబ్బుతో మంచి పనిముట్లు కొనుక్కుని ట్రంకు పెట్టెల్లో పెట్టుకున్నారు. ఆ తరం ఇప్పుడు వెళ్లిపోతోంది. ఆ పెట్టెలే ఇప్పుడు బయటికి వస్తున్నాయి.

ముందు సంతల సంగతి. గురువారం పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజార్. ఎంత పొద్దున వెళితే అంత మంచిది, ఎందుకంటే తిరిగి అమ్ముకునే వ్యాపారులు చీకటితోనే టార్చిలైట్లు వేసుకుని వస్తారు. ఎండెక్కాక మిగిలేది వాళ్లు వదిలేసినదే. అయినా నిరాశపడక్కర్లేదు. వాళ్లు వెతికేది మోటార్లు, గ్రైండర్లు, ఇత్తడి. తుప్పు పట్టిన ఉలి వాళ్ల కంటికి ఆనదు. ఆదివారం ఎర్రగడ్డ సంత. మెట్రో దిగి నడవచ్చు కాబట్టి మీకు దగ్గర కూడా. ఇక్కడ ఫర్నిచర్, ఎలక్ట్రానిక్స్ గోల ఎక్కువ, పనిముట్లు గోనెపట్టాల మీద కుప్పలుగా ఉంటాయి. పైపైన చూసి వచ్చేయకండి. కూర్చుని, కుప్పలో చెయ్యి పెట్టి అడుగు నుంచి తీయండి. బరువైనవి, పాతవి ఎప్పుడూ అడుగునే ఉంటాయి.

సంతకంటే మంచి చోటు మీ చుట్టుపక్కల కబాడీ దుకాణం. నెలకోసారి ఆగి పలకరించండి. "అన్నా, వడ్రంగి సామాన్లు, వైస్‌లు, రంపాలు వస్తే పక్కన పెట్టు, తూకం రేటు మీద ఎక్కువిస్తా" అని చెప్పి నంబరు ఇవ్వండి. పాత ఇనుము కిలో ముప్పై రూపాయల చుట్టుపక్కల నడుస్తుంటుంది. దానికి రెండింతలో మూడింతలో ఇచ్చినా మీకు కారుచౌకే, అతనికి లాభమే. బాలానగర్, కుషాయిగూడ వైపు చిన్న షెడ్లు ఖాళీ చేస్తుంటారు. అక్కడ టీ కొట్టువాడికి తెలియని విషయం ఉండదు. రాణీగంజ్ మాత్రం కొత్త సామాన్ల మార్కెట్. పాతవాటి కోసం అక్కడ తిరిగి కాళ్లు నొప్పి పెట్టుకోకండి. విడి బోల్టులు, ఆకురాళ్లు, నూనెరాయి కావాలంటే వెళ్లండి.

మూడోది ఇళ్లు. రిటైరైన పెద్దల ఇళ్లకు తెలిసినవాళ్ల ద్వారానే వెళ్లండి. వెళ్లగానే ధర మాట్లాడొద్దు. "పెద్దనాన్నా, ఇది దేనికి వాడేవారు?" అని అడగండి. ఎంత డబ్బిచ్చినా దొరకని పాఠం దొరుకుతుంది. విశ్వకర్మల ఇళ్లలో దసరాకి పనిముట్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి పూజ చేస్తారు. ఆ రోజుల్లో చూడటానికి వెళ్లండి, కొనడానికి వెళ్లకండి. మామూలు రోజుల్లో కూడా వాళ్ల సామాను కాలితో జరపొద్దు, దాటొద్దు. ఇంకో మాట. భర్త పోయాక పెట్టె అమ్మేస్తున్న ఒక అమ్మకి అందులో ఏముందో తెలియకపోవచ్చు. ఆమె రెండు వందలు అడిగిన వైస్ రెండు వేలు చేస్తుందని మీకు తెలిస్తే ఆ మాట ఆమెకి చెప్పి, న్యాయమైన ధర ఇచ్చి తెచ్చుకోండి. సంతలో వ్యాపారితో బేరం వేరు, ఇది వేరు.

ఇక ఏం చూసి కొనాలి. నా అనుభవమంతా ఒక్క మాటలో చెప్పమంటే, పనిచేసే భాగం చూసి కొనండి, పేరు ఆ తర్వాత. పిడి విరిగితే కొత్తది చెక్కుకోవచ్చు. పైన తుప్పు ఉంటే వదిలించవచ్చు. రంధా అడుగు పగిలినా, ఉలి ఉక్కు కాలిపోయినా, రంపం రేకు మడత పడినా చేయగలిగింది చాలా తక్కువ.

రంధాతో మొదలుపెడదాం. ఇనుప రంధా దొరికితే ముందు పైన ఉన్న లివర్ క్యాప్ (బ్లేడుని నొక్కి పట్టే మూత), బ్లేడు తీసేయండి. అమ్మేవాడు వద్దంటే ఆ రంధా వద్దు. ఖాళీ బాడీని తిరగేసి, బ్లేడు బయటికి వచ్చే నోటి మూలలు రెండూ టార్చిలైటుతో చూడండి. పగులు మొదలయ్యేది అక్కడే, వెంట్రుకంత సన్నగా. నూనె మురికి కింద దాక్కుంటుంది కాబట్టి కిరసనాయిలు గుడ్డతో ఒకసారి తుడవాలి. తర్వాత పక్క గోడలు చూడండి. బాడీని వేలి మీద ఆనించి పట్టుకుని గోళ్లతో కొట్టండి. బాగుంటే ఖంగుమంటుంది, పగులుంటే మొద్దుగా పలుకుతుంది. పోత ఇనుము వెల్డింగ్ చేసినది ఎంత చౌకైనా వదిలేయండి.

తర్వాత స్క్రూలు లెక్కపెట్టండి. ఇది చాలామంది పట్టించుకోరు. పాత స్టాన్లీ రంధాల మరలు మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే కొలతలు కావు. పిడి బోల్టుకి అంగుళానికి 20 మరలు, బ్లేడు లోతు మార్చే ఇత్తడి చక్రం కూర్చునే కడ్డీకి 24 మరలు, అదీ ఎడమ మర, అంటే మామూలుకు ఎదురు దిక్కులో తిరిగేది. ఒక్క బోల్టు లేకపోయినా లేతు మీద చేయించుకోవాల్సిందే, అప్పుడు చౌక ఎక్కడిది? ఆ ఇత్తడి చక్రం బిగుసుకుపోయి ఉంటే మామూలు మరలా అనుకుని బలంగా తిప్పొద్దు. రెండు రోజులు నూనె నాననివ్వండి.

కాలం తెలుసుకోవాలని ఉంటే, ఫ్రాగ్ (బ్లేడు ఆనుకునే వాలు దిమ్మ) వెనక బాడీ మీద పేటెంట్ తేదీలు పోతలోనే ఉంటాయి. 1902వి రెండు, 1910ది ఒకటి, మొత్తం మూడు తేదీలు కనిపిస్తే అది దాదాపు 1910–18 మధ్య తయారైన అమెరికా స్టాన్లీ. మన దగ్గర ఇవి అరుదు. ఇంగ్లండ్‌లో తయారైన స్టాన్లీ, అక్కడి షెఫీల్డ్ ఊళ్లో చేసిన రికార్డ్ కంపెనీ రంధాలు ఎక్కువగా కనిపిస్తాయి. పంజాబ్‌లో ఆ నమూనాలోనే చేసిన అనంత్ రంధాలు అన్నిటికంటే ఎక్కువ. అనంత్‌ని చిన్నచూపు చూడకండి. అడుగు చదును చేసుకోవడానికి ఓ ఆదివారం పడుతుంది, తర్వాత బాగానే పనిచేస్తుంది. నంబర్లలో 4 అంటే సుమారు తొమ్మిదిన్నర అంగుళాలు, నున్న చేయడానికి. 5 అంటే 14 అంగుళాలు, గరుకు చెక్కను చదును చేయడానికి. ఒక్కటే కొనేట్టయితే 5 కొనండి, రెండు పనులూ దానితో నడుస్తాయి.

చెక్క రంధాలు సంతలో కుప్పలుగా ఉంటాయి, ఎవరూ తీసుకోరు. వాటి చెక్క అరిగిపోయినా లోపలి బ్లేడు బయటికి లాగి చూడండి. పాతవాటిలో బ్లేడు మందంగా ఉండి, మెత్తటి ఇనుము మీద గట్టి ఉక్కు పలక అతికి ఉంటుంది. వాలు వైపు ఇసుక కాగితంతో నాలుగుసార్లు రుద్ది వెలుగులో పెట్టండి. అంచు దగ్గర తెల్లగా మెరిసే సన్నటి పట్టీ, దాని పైన కాస్త మసకగా ఉన్న ఇనుము, రెంటికీ మధ్య దారంలా ఒక గీత కనిపిస్తుంది. ఆ గీత కనిపిస్తే మారు మాట్లాడకుండా కొనండి. ఆ ఉక్కు పట్టీ ఎంత పొడవు మిగిలి ఉందో అంతే ఆ బ్లేడు ఆయుష్షు. అది అయిపోయి ఉత్త ఇనుము మిగిలితే ఎంత నూరినా పదును నిలవదు.

ఉలులకూ ఇదే పరీక్ష. వాటి విషయంలో చదునుగా ఉండే వెనక వైపు ముఖ్యం. అంచు నుంచి అంగుళం మేర తుప్పు గుంటలు లేకుండా ఉండాలి. గోరు పెట్టి గీస్తే గోరు గుంటలో ఆగుతోందంటే ఆ గుంట అంచు దాకా వచ్చిన ప్రతిసారీ పదునులో గండి పడుతుంది. అంచు దగ్గర నీలం రంగు ఉంటే ఎవరో గ్రైండర్ మీద కాల్చేశారు, ఉక్కు మెత్తబడింది. ఆ నీలం మేర అంతా అరగదీసి పారేయాలి. చిన్న ఆకురాయి ముక్క జేబులో ఉంచుకోండి. అంచు దగ్గర మెల్లగా లాగితే గాజు మీద జారినట్టు జారాలి, కొరికితే మెత్తటిదన్నమాట. మార్పుల్స్, సోర్బీ లాంటి షెఫీల్డ్ ముద్రలు ఉంటే సంతోషం. "కాస్ట్ స్టీల్" అని ముద్ర ఉంటే పోత ఇనుమనుకుని వదిలేయకండి, అది మూసలో కరిగించి చేసిన పాతకాలపు మంచి ఉక్కు. మూసలో ఉక్కు చేయడం మన ప్రాంతానికి కొత్తేం కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో చేసిన ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు వచ్చేవారు. ముద్ర ఏదీ లేని, ఊరి కమ్మరి చేసిన ఉలి కూడా ఆకురాయి పరీక్షకు నిలబడితే నేను కొంటాను.

రంపం చూడాలంటే పిడి దగ్గర కన్ను పెట్టి పళ్ల వెంబడి చివరిదాకా చూడండి. నిటారుగా గీత గీసినట్టుండాలి. మెల్లగా వంచి వదిలితే మళ్లీ యథాస్థితికి రావాలి. మడత పడిన రేకుని సరిచేయగలవాళ్లు ఇప్పుడు దొరకరు. పళ్లు అరిగిపోతే మాత్రం భయం లేదు, మూడు పలకల ఆకురాయితో వేసుకోవచ్చు. పిడి మీద ఇత్తడి బిళ్ల ఉండి దాని మీద డిస్టన్ అని ఉంటే అది ఫిలడెల్ఫియా కంపెనీది. 1955లో ఆ కంపెనీ చేతులు మారింది, అంతకుముందు రంపాలకు గిరాకీ ఎక్కువ. మన దగ్గర స్పియర్ అండ్ జాక్సన్ ఎక్కువ కనిపిస్తుంది.

మూలమట్టం పరీక్ష అక్కడికక్కడే చేయవచ్చు. అంచు నేరుగా ఉన్న ప్లైవుడ్ ముక్క, చెక్కిన పెన్సిలు తీసుకెళ్లండి. మూలమట్టాన్ని అంచుకు ఆనించి గీత గీయండి. దాన్ని తిరగేసి, అదే చోట నుంచి ఇంకో గీత గీయండి. రెండు గీతలూ ఒకదానిమీద ఒకటి పడితే లంబకోణం సరిగ్గా ఉన్నట్టు. పైకి పోయేకొద్దీ విడిపోతే ఆ ఎడంలో సగం దాని లోపం. ఇది చేస్తుంటే చుట్టూ నలుగురు గుమిగూడతారు, పర్వాలేదు.

వైస్‌లు, పానాలు క్లుప్తంగా. వైస్ దవడలు పూర్తిగా తెరిచి మూయండి, చివరి వరకు తిరగాలి. స్క్రూ మరలు కత్తి అంచులా సన్నబడితే అరిగిపోయినట్టు. పిడి ఆడించినప్పుడు పావు చుట్టు దాకా వదులు ఉంటే మామూలే. ప్రాగా పేరున్న చక్‌లు (లేతు మీద వస్తువుని బిగించి పట్టేవి) ఇక్కడ బాగా దొరుకుతాయి, మూడు దవడలూ సమంగా మూస్తున్నాయో చూసి తీసుకోండి. పానాల్లో ఒక తిరకాసు ఉంది. పాత ఇంగ్లండ్ పానాల మీద 1/4 పక్కన డబ్ల్యూ అని ఉంటే అది బోల్టు మందం, పానా నోటి వెడల్పు వేరే. అవి విట్‌వర్త్ కొలతలు, ఇప్పటి మెట్రిక్ నట్టుకి సరిపోవు. పాత బుల్లెట్ బండి ఉన్న స్నేహితుడు ఉంటే అతనికి కొనిపెట్టండి, కళ్లకద్దుకుంటాడు.

బేరం దగ్గర టెన్షన్ పడొద్దు. కావలసిన వస్తువు ఒక్కటే చేతిలో పట్టుకుని మురిసిపోతే ధర అక్కడే పెరుగుతుంది. ఇంకో రెండు మామూలు సామాన్లతో కలిపి "భాయ్, తీనో మిలాకే కిత్నేకు దేతే?" అని అడగండి. స్టాన్లీ, రికార్డ్ అని పైకి చదవకండి. చెప్పిన ధరలో సగం దగ్గర మొదలుపెట్టి, మధ్యలో కలిస్తే మంచిదే. చిల్లర నోట్లు ఉంచుకోండి. వెళ్లేటప్పుడు సంచిలో టార్చిలైటు, ఆకురాయి ముక్క, ఆరంగుళాల స్టీలు స్కేలు, చిన్న అయస్కాంతం, కిరసనాయిలు గుడ్డ ఉంటే చాలు. ఇత్తడి అని చెప్పి పూత వేసిన ఇనుము అమ్మేవాళ్లుంటారు, అయస్కాంతం అతుక్కుంటే తేలిపోతుంది. ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతాను. నంబరు ప్లేటు గీకేసిన కొత్త డ్రిల్లింగ్ మిషన్, కంపెనీ పేరు చెరిపేసిన కొలత పరికరం సగానికి సగం ధరకు ఇస్తామంటే ముట్టుకోవద్దు. దొంగ సొత్తని తెలిసీ కొంటే కొన్నవాడిదీ నేరమే. పైగా ఏదో వర్క్‌షాప్ కుర్రాడి జీతంలోంచి కోత పడి ఉంటుంది.

ఇంటికి తెచ్చాక తుప్పు సంగతి. గ్రైండర్‌కి తీగ బ్రష్ తగిలించి రుద్దేయకండి, ముద్రలు, అంచులు అన్నీ పోతాయి. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు లీటరు గోరువెచ్చని నీళ్లకు యాభై గ్రాములు కలిపి, విడదీసిన ఇనుప భాగాలు మునిగేలా ప్లాస్టిక్ టబ్బులో పెట్టండి. గంటకోసారి తీసి పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. నల్లటి పొర వదిలి బూడిద రంగు ఇనుము కనిపిస్తే తీసేయండి. రాత్రంతా వదిలేస్తే ఆమ్లం ఇనుమునే తినడం మొదలుపెడుతుంది. తీయగానే వంట సోడా నీళ్లతో కడిగి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, వెంటనే మిషన్ నూనె పట్టించాలి. ఐదు నిమిషాలు ఆలస్యమైనా మళ్లీ ఎర్రబడుతుంది. రంపం రేకు మీద కంపెనీ బొమ్మ చెక్కి ఉంటే నానబెట్టొద్దు, నూనె వేసి సన్న ఇసుక కాగితాన్ని చదును చెక్కకు చుట్టి రుద్దండి. పాత రంగు ఊడుతుంటే పొడిగా గీకొద్దు, అందులో సీసం ఉండవచ్చు. తడిపి గీకి, పిల్లలకు దూరంగా పారేయండి.

కరెంటుతో తుప్పు తీసే పద్ధతి వీడియోల్లో చూసి ఉంటారు. బాగా పనిచేస్తుంది, కానీ హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి మూసిన బాల్కనీలో వద్దు. ఎప్పుడైనా చేస్తే రెండో వైపు స్టెయిన్‌లెస్ స్టీల్ గరిటె పెట్టకండి, నీళ్లలో విషపు క్రోమియం చేరుతుంది.

ఉలి పిడులకు నల్లతుమ్మ కర్ర అడగండి, దెబ్బకు ఆగుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా బాల్కనీలో ఉంచితే చేసిన పనంతా వృథా. నూనె గుడ్డలో చుట్టి లోపల అలమరాలో పెట్టండి. కొబ్బరినూనె కంటే మిషన్ నూనె మేలు, జిగటగా మారదు.

మీ చుట్టాలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే అసలు గ్యారేజ్ సేల్ సరుకు కూడా తెప్పించుకోవచ్చు. అక్కడ వేసవి శనివారాల్లో పొద్దున్నే జరుగుతాయి. పెద్దవాళ్లు పోయిన ఇళ్లలో పెట్టే ఎస్టేట్ సేల్స్‌లో పనిముట్లు ఇంకా బాగుంటాయి. అడుగు, నోరు, బ్లేడు వెనక వైపు ఫొటోలు పంపమనండి, కొనాలో వద్దో మీరే చెప్పవచ్చు. రంధా, ఉలి చేతి సామానులో రానివ్వరు, చెకిన్ బ్యాగులో గుడ్డ చుట్టి పెట్టమనండి. ఆన్‌లైన్‌లో ఇక్కడివాళ్ల దగ్గర కొన్నా అవే మూడు ఫొటోలు అడగండి. పంపకపోతే వదిలేయండి.

మీ బాల్కనీ పనికి వరస చెప్పాలంటే, ముందు పావు, అర, ముప్పావు అంగుళాల ఉలులు మూడు, ఒక మూలమట్టం. తర్వాత 5 నంబరు రంధా. రంపం కొత్తది కొన్నా తప్పులేదు, పాతది వేటలో ఎప్పుడైనా తగులుతుంది. వైస్ బరువైనది, బల్ల గట్టిగా కట్టుకున్నాక చూడండి. వచ్చే ఆదివారం ఎర్రగడ్డ వెళితే ఉలుల కుప్ప దగ్గర కూర్చోండి, దొరికినవాటి వెనక వైపు ఫొటోలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.